కాయని చేనికి నీళ్ళు

తూమాటిపాలెంలో కరెంటు పోతే జనం ముందుగా సబ్‌స్టేషనుకి ఫోను చేసేవాళ్ళు కాదు. జాన్ బాషా ఇంటికి కబురు పంపేవాళ్ళు. సబ్‌స్టేషనుకి ఫోను చేసే పని అతనిది. కాలవ నీళ్ళు చివరి చేలకి అందకపోయినా, రోడ్డుకి గుంట పడినా, పాలకేంద్రంలో వెన్న శాతం తగ్గించి చెప్పినా, తప్పు ఎవరిదో తేల్చి ఆ తీర్పుని సదరు దోషికి వినిపించే బాధ్యత ఏ ఎన్నికా లేకుండానే అతని మీద పడింది. ఆ పదవికి జీతం లేదు. టీ మాత్రం ఎవరో ఒకరు పోయించేవారు.

అంత విద్య ఊరికే అబ్బదు. జాన్ బాషా దాన్ని ముందు తన సొంత జీవితం మీద ఏళ్ళ తరబడి సాధన చేశాడు. చదువు ఎనిమిదితో ఆగిపోవడం లెక్కల మేష్టారి తప్పు. సొంత భూమి లేకపోవడం తాత తప్పు. ఆయన దూది ఏకి పరుపులు కుట్టుకుంటూ ఊళ్ళన్నీ తిరిగాడే గానీ ఏ ఊళ్ళోనూ అరెకరం కొన్న పాపాన పోలేదు. కౌలుకి చేసిన పత్తి ఎండిపోతే వాన తప్పు. తడిసిపోతే వాన పడుతుందని చెప్పని టీవీవాళ్ళ తప్పు. కూరలో ఉప్పు ఎక్కువైతే నజీరా తప్పు. సరిగ్గా సరిపోతే, రోజూ ఇలా ఎందుకు వండదన్నది అసలు ప్రశ్న కాబట్టి, అప్పుడూ నజీరా తప్పే.

నజీరా అతని భార్య. మీ ఆయన ఏం చేస్తుంటాడని కొత్తవాళ్ళు అడిగితే, "వ్యవసాయం ఆయన తీరిక వేళల్లో చేస్తాడు. అసలు పని జడ్జీ" అనేది.

ఆవిడ తమ్ముడు ముస్తాక్ గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద కోచింగ్ సెంటర్ పెట్టాడు. పొద్దున స్పోకెన్ ఇంగ్లీషు, సాయంత్రం వ్యక్తిత్వ వికాసం. ఒక వేసవిలో ఇంగ్లీషుకి కుర్చీలు చాలలేదు గానీ వికాసానికి జనం చాలలేదు. ఖాళీ కుర్చీలు కనబడితే వచ్చిన నలుగురి వికాసమూ కుంటుపడుతుందని ముస్తాక్ చుట్టాలని పిలిచాడు.

"బావని పంపించక్కా. ఫీజేం వద్దు. మధ్యలో సమోసా, టీ కూడా ఉంటాయి."

నజీరా మొగుడి చొక్కా ఇస్త్రీ చేయించి మరీ పంపింది. ఆ ఇస్త్రీ సంగతి తర్వాత ఆవిడకి చాలాసార్లు గుర్తొచ్చింది.

క్లాసులో ముస్తాక్ ఒక చిన్న పని పెట్టాడు. ఒక్కొక్కరూ లేచి తమ జీవితంలో జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. షరతు ఒకటే. అందులో ఇంకో మనిషి పేరు గానీ, ప్రభుత్వం గానీ, వాతావరణం గానీ రాకూడదు. బ్యాంకు గుమస్తాలూ డిగ్రీ పిల్లలూ ఎలాగోలా గట్టెక్కారు. జాన్ బాషా లేచి, గొంతు సవరించుకుని, నోరు తెరిచి, అలాగే నిలబడిపోయాడు. ఊళ్ళో అనర్గళంగా పారే మనిషికి మొదటి మాట దొరకలేదు.

"పత్తి పోయింది" అన్నాడు చివరికి.

"తర్వాత, బావా?"

"అంతే."

అంత పెద్ద కష్టాల కథ ఆ రెండు మాటల్లో అయిపోయేసరికి జాన్ బాషాకి తల తిరిగింది. కాసేపాగి, "మందు ఆలస్యంగా కొట్టాను" అని చేర్చాడు. ఆ ముక్క అన్నాక గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. వానని తను మార్చలేడు. మందు మాత్రం వచ్చే ఏడు తొందరగా కొట్టగలడు. బస్సులో ఇంటికొస్తూ దారి పొడుగునా ఆ మాటే నెమరేసుకున్నాడు.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పుకోవాలి. ఆ విద్య పనిచేసింది. మరుసటి రోజు అతను చేలోకి వెళ్ళి, ఏళ్ళుగా పక్క చేనువాడి పాపంగా పూడిపోయి ఉన్న మురుగు బోదెని తనే పార పట్టుకుని తవ్వాడు. మందు డబ్బా మీద చీమల్లాంటి అక్షరాలని పక్కింటి బడిపిల్ల చేత చదివించుకుని, కొలత ప్రకారం కలిపాడు. తెలియంది తెలియదని వ్యవసాయ సహాయకుణ్ణి అడిగాడు. ఓ రోజు అన్నం తింటూ "కూర బాగుంది" అన్నాడు. నజీరా దగ్గరికొచ్చి నుదురు తాకి చూసింది. ఆ ఏడు మిరప బాగా కాసింది. ఆ ధైర్యంతో పక్క ఎకరం కూడా కౌలుకి పట్టాడు.

నష్టపోయింది ఊరే. కరెంటు పోయిందని కబురొస్తే, "ముందు మన ఇంట్లో వైరింగు చూసుకున్నామా?" అని అడగడం మొదలెట్టాడు. జనం చీకట్లో కూర్చుని, బంగారంలాంటి మనిషి పాడైపోయాడని బాధపడ్డారు.

తర్వాతి ఏడు మండల కేంద్రంలో విత్తనాల కొట్టుకి ఒక కొత్త మిరప రకం వచ్చింది. పాకెట్టు మీద బొమ్మలో చెట్టుకి ఆకుల కన్నా కాయలే ఎక్కువ. జాన్ బాషా కొన్నాడు. పక్క చేను చేసే ఇమ్మానుయేలు కొన్నాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. మొగుడు పోయాక ఒక్కతే చిన్న కయ్య కౌలుకి చేసుకుంటున్న సంతోషకుమారి కొంది. ఊళ్ళో ఇంకా చాలామంది కొన్నారు. నారు పోశారు, నాటారు, మొక్క లేచింది. లేచి లేచి ఛాతీ దాకా వచ్చింది. చేలో దిగితే మనిషి కనబడడు. కాయా కనబడదు. వెతికితే అక్కడొకటి ఇక్కడొకటి, బొటనవేలంత వంకర కాయ.

రైతులు మొక్కలు పీకి తీసుకెళ్ళి కొట్టు ముందు కుప్ప పోసి కూర్చున్నారు. విత్తనంలో లోపమని తేలితేనే కంపెనీ పరిహారం ఇస్తుందనీ, అది తేల్చడానికి ఒక బృందం వస్తుందనీ అధికారులు చెప్పారు. రైతుల తరఫున ఒక్కరే మాట్లాడాలన్నారు. ఎవరన్న విషయంలో ఊరికి అనుమానమే లేదు. అనుమానమల్లా ఇమ్మానుయేలుకే. ముందు రోజు టీకొట్టు దగ్గర పట్టుకున్నాడు.

"ఒరేయ్ బాషా, రేపొక్క రోజుకి పాత బాషావైపోరా. ఎల్లుండి నుంచి మళ్ళీ నీ వికాసంలోకి పోదువుగాని."

"నిజమే చెప్తాను."

"నిజం చెప్పొద్దని ఎవడన్నాడు? నిజంలో వాళ్ళ వాటా చెప్పు. మన వాటా మనింట్లో చెప్పుకుందాం."

జాన్ బాషా నవ్వి ఊరుకున్నాడు. ఈమధ్య అతనికి ఒక రకం నవ్వు అలవాటైంది. దాన్ని చూస్తే నజీరాకి పాత తిట్లే నయమనిపించేది.

బృందం వచ్చింది. గొడుగు కింద ఒక శాస్త్రవేత్త, ఫైలుతో ఒక అధికారి, తెల్ల బూట్లతో కంపెనీ తరఫు కుర్రాడు. శాస్త్రవేత్త నాలుగు మొక్కలు వంచి చూసి, ఆకు చించి వాసన చూసి, "ఊఁ" అన్నాడు. జాన్ బాషా పాకెట్లు చూపించాడు, కాయలు చూపించాడు. అంతవరకూ బాగానే నడిచింది. అప్పుడు ఆ తెల్ల బూట్ల కుర్రాడు రెండు చేతులూ కట్టుకుని, మసీదులో నిలబడ్డంత వినయంగా అడిగాడు.

"బాషా గారూ, మీరు అనుభవం ఉన్న రైతు. మీ వైపు నుంచి ఏమైనా చిన్న లోపం జరిగి ఉండొచ్చంటారా, అండి?"

ఆ ప్రశ్న జాన్ బాషా రోజూ తనని తనే వేసుకునేది. ఇంకొకరు, అదీ గారూ అండీ చేర్చి, అడగడం ఇదే మొదలు. అతని ముఖం విప్పారింది.

"లోపం లేకుండా ఎలా ఉంటుందండి?" అన్నాడు. "వానలకి నాటు వారం వెనకబడింది. పూత మీద యూరియా కాస్త ఎక్కువ పడింది. రెండు మందులు కలిపి కొట్టకూడదు, కొట్టాం."

"సార్, అది ప్రతి ఏడూ ప్రతివాడూ..." అని ఇమ్మానుయేలు ముందుకొచ్చాడు.

"ఒక్కరే మాట్లాడాలన్నాం కదయ్యా" అన్నాడు అధికారి.

ఆ మాట అతను అనకపోయినా సరిపోయేది. జాన్ బాషాయే వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. "నువ్వుండరా. మన లోపం మనం ఒప్పుకోకపోతే బాగుపడేదెప్పుడు?"

కంపెనీ కుర్రాడు దీన్నంతా ఫోనులో వీడియో తీసుకున్నాడు. వెళ్ళేముందు జాన్ బాషా చేతులు పట్టుకుని, "ఊరికి మీలాంటి రైతు ఒక్కడుంటే చాలండి" అన్నాడు. ఆ అభిప్రాయంలో మోసమేమీ లేదు. నిజంగానే ఒక్కడు చాలాడు.

నివేదిక తొందరగానే వచ్చింది. ఆఫీసు భాషలో అది ఎంతో శుభ్రంగా ఉంది. విత్తనంలో లోపం నిర్ధారణ కాలేదు. యాజమాన్య పద్ధతుల్లో లోపాలు ఉన్నట్టు రైతుల ప్రతినిధి స్వయంగా అంగీకరించారు. కాబట్టి పరిహారం ప్రసక్తి లేదు.

ఊళ్ళో ఎవరూ అతన్ని తిట్టలేదు. తిట్టడం తెలిసినవాడు ఆ ఊళ్ళో అతనొక్కడే. టీకొట్టుకి వెళితే బల్ల మీద చోటిచ్చారు, అందరూ లేచిపోయి బల్లంతా ఇచ్చారు. ఇమ్మానుయేలు చేను దున్నించి జొన్న చల్లాడు. మిగతావాళ్ళూ అదే చేశారు. సంతోషకుమారికి మళ్ళీ దున్నించే ఓపిక లేదు. ఆవిడ బర్రెని అమ్మేసి, కౌలు చేను ఆసామికి అప్పజెప్పి, ఆదివారం గుడి నుంచి వస్తూ జాన్ బాషా గుమ్మం ముందు ఆగింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నీ తప్పు నువ్వు ఒప్పుకున్నావు, బాగానే ఉందన్నా" అంది. "నాది కూడా నువ్వే ఎందుకు ఒప్పుకున్నావు?"

 చెంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

జాన్ బాషా మర్నాడే బస్సెక్కి బ్రాడీపేట వెళ్ళాడు. మేడ మెట్లెక్కుతుంటేనే తన గొంతు తనకే వినబడింది. లోపల గోడ మీద తెర కట్టి, దాని మీద అతని బొమ్మ వేశారు. పచ్చటి చేలో నిలబడి జాన్ బాషా "లోపం లేకుండా ఎలా ఉంటుందండి" అంటున్నాడు. ఆ వీడియో కంపెనీ నుంచి డీలర్లకీ, డీలర్ల నుంచి రైతుల గ్రూపులకీ ఆదర్శ రైతు అన్న పేరుతో తిరిగి తిరిగి ముస్తాక్ ఫోనుకి చేరింది. క్లాసులో ఈసారి కుర్చీలన్నీ నిండాయి. గుమ్మంలో ఆ ఆదర్శాన్నే సశరీరంగా చూసి ముస్తాక్ ఉప్పొంగిపోయాడు.

"ఆయనే, ఆయనే మా బావ."

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. జాన్ బాషాకి ఎటు చూడాలో తెలియక తెర మీద ఉన్న తనవైపే చూశాడు. అక్కడ అతని భుజం వెనక ఇమ్మానుయేలు ముఖం ఉంది. ఏదో అనబోయి ఆగిపోయిన ముఖం. ఆ రోజు అతను వెనక్కి తిరిగి చెయ్యెత్తాడే గానీ ఆ ముఖం చూడలేదు.

క్లాసయ్యాక మెట్ల మీద బావమరిదిని ఆపాడు.

"ముస్తాకూ, ఎవరి బతుక్కి వాళ్ళే బాధ్యులు అన్నావు కదా."

"అవును బావా."

"మరి కంపెనీయో?"

ముస్తాక్ ఆలోచించాడు. అతను చెడ్డవాడు కాదు, ప్రశ్న అడిగితే ఆలోచించే రకమే. "కంపెనీవాళ్ళు మన క్లాసుకి రాలేదుగా బావా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి నజీరా అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఆ క్లాసుకి నిన్ను పంపింది నేను. చొక్కా ఇస్త్రీ చేయించి పంపాను. తప్పు నాదంటావా?"

పాత రోజులైతే ఇంత సులువైన కేసుని ఒక్క ముద్ద దిగేలోపు తేల్చేసేవాడు. ఈసారి జాన్ బాషా కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపాడు.

"కాదు. విత్తనం తప్పు కంపెనీది. నోటి తప్పు నాది."

"రెండూ చెప్పాల్సింది మరి."

"ఒకటే చెబితే గొప్పగా ఉంటుందనుకున్నాను."

ఆవిడ పెరుగు వేసింది.

సోమవారం అర్జీలు తీసుకునే ఆఫీసుకి వెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించమన్నాడు. "మీరే ఒప్పుకున్నారు కదండీ" అన్నారు అక్కడ. మరో సోమవారం వెళ్ళాడు. మరోటి. ఆ ముఖం చూసి చూసి విసుగెత్తిన ఒక పెద్ద గుమస్తా, "బృందం మళ్ళీ వచ్చినా చూడ్డానికి చేలు ఏవయ్యా? అందరూ దున్నేశారు కదా" అన్నాడు.

"నాది ఉందండి."

నిజంగానే ఉంది. సిగ్గుతో అటువైపు వెళ్ళక అతను దున్నించలేదు. ఇప్పుడిక కావాలని దున్నించలేదు. కాయదని తెలిసిన ఆ చేనికి అప్పటి నుంచి జాన్ బాషా చేసిన సేవ ఆ మండలంలో కాసే చేనికి కూడా ఎవరూ చేసి ఉండరు. కలుపు తీశాడు. వేళకి నీరు పెట్టాడు. మందు కొలత తప్పకుండా, ఒకదాంట్లో ఒకటి కలపకుండా, గాలి లేని పూట చూసి కొట్టాడు. యూరియా చెంచాతో కొలిచినంత పనిచేశాడు. ఈసారి యాజమాన్య పద్ధతుల్లో లోపం పట్టాలంటే ఆ శాస్త్రవేత్త భూతద్దం తెచ్చుకోవాలి. నజీరా తిట్టుకుంటూనే బిందెలతో మందుకి నీళ్ళు మోసింది.

దారిన పోయేవాళ్ళు సైకిలాపి పలకరించేవాళ్ళు.

"ఏం బాషా, ఈసారి కోతకి ఎంతమందిని పిలుస్తున్నావు?"

"మిర్చి యార్డుకి లారీ మాట్లాడావా, లేదా?"

అతను తలెత్తేవాడు కాదు. ఒకసారి ఇమ్మానుయేలు తన జొన్నకి వెళుతూ గట్టు మీద ఆగాడు. చూశాడు, చూశాడు. "నీ తలకాయకి పెట్టాలి ఆ నీళ్ళు" అని వెళ్ళిపోయాడు. ఆ నివేదిక వచ్చాక అతను జాన్ బాషాతో మాట్లాడిన మొదటి మాట అది. జాన్ బాషా దాన్ని రోజంతా దాచుకున్నాడు.

ఎండలు ముదిరాక బృందం వచ్చింది. అదే గొడుగు, అదే ఫైలు, బూట్లు మాత్రం కొత్తవి. ఆ కుర్రాడు మళ్ళీ చేతులు కట్టుకుని అదే ప్రశ్న అడిగాడు. "మీ వైపు లోపం ఏమైనా, బాషా గారూ?"

"ఒకటుందండి. పోయినసారి ఇమ్మానుయేలుని మాట్లాడనివ్వలేదు."

అని పక్కకి జరిగాడు. ఇమ్మానుయేలు రాడనుకున్నాడు గానీ వచ్చి గట్టు చివర నిలబడి ఉన్నాడు. అతనికి వాక్చాతుర్యం లేదు. ప్రతి ఏడూ అందరం అంతే చేస్తాం సార్, ప్రతి ఏడూ కాస్తుంది, ఈ ఏడు ఈ పాకెట్టు వేసినవాళ్ళకే కాయలేదు అని చెప్పి ఊరుకున్నాడు. అదే మాట మొదటిసారే పడాల్సిన చోట పడి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. అధికారి రాసుకున్నాడు.

రెండో నివేదిక మొదటిదానికన్నా మర్యాదగా ఉంది. రైతు పాటించిన యాజమాన్య పద్ధతులు ప్రశంసనీయం అని రాశారు. అయితే పంటకాలం దాటిపోయినందున విత్తన నాణ్యతపై ఏ అభిప్రాయమూ చెప్పలేమన్నారు.

ఆ రెండు కాగితాలూ పట్టుకుని జాన్ బాషా గుంటూరులో లాయరుని చూసుకుని వినియోగదారుల కేసు వేశాడు. సంతకాలకి ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు పెట్టారు, కొందరు తలుపు తీయలేదు. ఇమ్మానుయేలు పెడుతూ, "లాయరు మాట్లాడతాడు కదా? నువ్వు మాట్లాడవు కదా?" అని రెండుసార్లు అడిగి మరీ పెట్టాడు. కేసు వాయిదాల మీద ఉంది. ప్రతి వాయిదాకీ జాన్ బాషా ఇస్త్రీ లేని చొక్కాతో వెళ్ళొస్తాడు. ఊళ్ళో కరెంటు పోతే ఇప్పుడు మళ్ళీ కబురొస్తుంది, ఎప్పుడో ఒకసారి. ముందు వైరింగు చూస్తాడు, తర్వాత సబ్‌స్టేషనుకి ఫోను చేస్తాడు. పాత ధాటి లేదు. విన్నవాళ్ళు పెదవి విరుస్తారు.

కేసు వేయకముందు, రెండో నివేదిక వచ్చిన వారం, లాయరుకి చూపించడానికి ఒక కట్ట చూరుకి కట్టి, మిగతా చేనంతా కొట్టేశాడు. ఎండిన మిరపకట్టె గట్టు మీద కుప్ప పడింది. సంతోషకుమారి వచ్చింది. ఆవిడ ఇప్పుడు రోజూ తెల్లవారి ఆటోలో గుంటూరు వెళ్ళి, కోల్డ్ స్టోరేజీలో ఎవరివో మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. వేళ్ళు మండుతున్నాయేమో, చేతులు కొంగులో చుట్టుకుని ఉన్నాయి.

"పొయ్యిలోకి రెండు మోపులు తీసుకెళ్తానన్నా."

"తీసుకో అమ్మా."

ఆవిడ ఒక కట్టె తీసి విరిచి చూసింది. రెండు వేళ్ళంత లావుంది. ఫట్టుమని విరిగింది.

"కట్టె మాత్రం బాగా పెంచావు."

"విత్తనం మంచిది" అన్నాడు జాన్ బాషా.

ఆవిడ నవ్వలేదు. తలగుడ్డ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంది. అతను ఒక మోపు ఎత్తి తల మీద సర్ది, రెండోది తను భుజానికెత్తుకుని వెనకే నడిచాడు. ఆవిడ రమ్మనలేదు, వద్దనలేదు. ఊరు చేరేదాకా వెనక్కి తిరిగి కూడా చూడలేదు.